బీరయ్య రుమాలుకు జర్మనీ సాక్ష్యం

లాజరు పంతులుకు ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఏ మాట ఎత్తినా దాన్ని చెయ్యి పట్టుకుని ఎనిమిది వందల ఏళ్ల వెనకటి జర్మనీ దేశానికి తీసుకుపోయి, అక్కడి దొరల ఇంట్లో కూర్చోబెట్టేవాడు. ఏ దొర పోతే గద్దె ఎవరికి వచ్చింది, రావలసినవాడికి రాకుండా ఎవరు అడ్డుపడ్డారు, ఎవరి మేనల్లుడు ఎవరి నోట్లో మట్టి కొట్టాడు, ఇదీ ఆయన లోకం. సూర్యాపేటలో వానలు లేవన్నా, పన్ను నొప్పి అన్నా, మూడో మాటకల్లా మనం బవేరియాలో ఉండేవాళ్లం.

ఈ జబ్బు అంటించింది ఒక జర్మనీ పాదిరి. లాజరుది కోదాడ పక్క పల్లె. పడుచుదనంలో మిర్యాలగూడలో ఆ పాదిరి దగ్గర ప్రసంగాలను తెలుగులో తిప్పి చెప్పే పనికి కుదిరాడు. పగలు పాదిరి దేవుడి గురించి చెబితే ఇతను జనానికి తెలుగులో చెప్పేవాడు. సాయంత్రం పాదిరికి ఇల్లు గుర్తొచ్చి తన దేశపు దొరల వంశాలు చెప్పేవాడు. అది తిప్పి చెప్పడానికి ఎదుట జనం లేక అంతా లాజరు కడుపులోనే ఉండిపోయింది. జర్మనీతో యుద్ధం రాగానే ఇంగ్లీషువాళ్లు వచ్చి పాదిరిని పట్టుకుపోయారు. పాదిరి పోయాడు గానీ ఆ దొరలు మాత్రం లాజరు దగ్గరే మకాం పెట్టారు.

నేనూ ఆయనా సూర్యాపేటలో ఒకే బడిలో పంతుళ్లం. నాది లెక్కలు, ఆయనది చరిత్ర. మా బడికి గొర్లకాపరుల పల్లెల నుంచి పిల్లలు ఎక్కువగా వచ్చేవాళ్లు. కులదైవం బీరప్ప పేరు పెట్టుకోని ఇల్లు వాళ్లలో ఉండదు గనక క్లాసులో సగం మంది బీరయ్యలే. హాజరు తీసుకోవడం ఎవరి తరమూ కాలేదు. లాజరుకు మాత్రం అది చిటికెలో పని. జర్మనీలో వెల్ఫు వంశమని ఒకటి ఉంది. అక్కడా తరతరాలుగా అందరూ హెన్రీలే. అందుకని వాళ్లను నల్ల హెన్రీ, గర్వపు హెన్రీ, సింగం హెన్రీ అని పిలిచేవాళ్లు. లాజరు ఆ పేర్లు తెచ్చి మా బీరయ్యలకు తగిలించాడు.

ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి మొదటి వరసలో పిల్లవాణ్ని లేపాడు.

“నీ పేరేంది?”

“నల్ల బీరయ్య సార్.”

“నీది?”

“గర్వం బీరయ్య సార్.”

“గర్వం ఏందిరా?”

“నల్లాయన తర్వాత గద్దెక్కేది గర్వపాయనే గద సార్. నా ఎనక సింగం కూసున్నడు.”

ఇన్‌స్పెక్టరు లాజరు వైపు చూశాడు. జర్మనీ గురించి ఒక అధికారి తనను అడగడం లాజరు జీవితంలో అదే మొదలు. కుర్చీ జరిపి ఆయన్ను కూర్చోబెట్టి, లావు వెల్ఫు దొర దగ్గర నుంచి ఎత్తుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మిగిలిన క్లాసులేవీ చూడకుండానే, బడి దివ్యంగా నడుస్తున్నదని రాసి బస్సుకు పరుగెత్తాడు. ఆ ఏడాది మా పంతుళ్లందరం లాజరుకు దణ్ణం పెట్టుకున్నాం.

సైదయ్య హోటలు బస్టాండు ఎదురుగా ఉండేది. ఒక్క చాయ్ తాగి పొద్దంతా బల్ల వదలని జనంతో సైదయ్య పరేషాన్ అయ్యేవాడు. ఆయన కనిపెట్టిన మందు లాజరు.

“పంతులూ, గా మూలకు నలుగురు పొద్దుగాల సంది కూసున్నరు. జర నల్ల హెన్రీ ముచ్చట చెప్పవా,” అని పిలిచేవాడు.

లాజరు సంతోషంగా వెళ్లి ఆ బల్ల దగ్గర కూర్చునేవాడు. నల్ల హెన్రీ పెళ్లి అయ్యేలోపు బల్ల ఖాళీ. అందుకు ఆయనకు ఒక చాయ్ ఉచితం. జనం లేచిపోయారని ఆయన ఎన్నడూ చిన్నబుచ్చుకోలేదు. “పాపం, ఏదో పని ఉండుంటుంది మాస్టారూ,” అనేవాడు నాతో.

అదే హోటల్లో ఒకనాడు అన్నదమ్ములిద్దరు ఇంటి నడిమి గోడ కోసం కాలర్లు పట్టుకున్నారు. లాజరు మధ్యలో దూరి, “మీ సంగతి అచ్చం సాక్సనీ దొరల సంగతే,” అన్నాడు. కాసేపటికి ఆ ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, లాజరును తిట్టుకుంటూ ఒకే దారిన ఇంటికి పోవడం నేను చూశాను. అప్పుడు నవ్వుకున్నాను తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

ఆయన భార్య సుగుణమ్మ వదినను అడిగాను, ఇంట్లో ఎలా భరిస్తున్నారని.

“మా పిల్లలకు జోలపాట అవసరం పడలే సారూ. సింగం హెన్రీ దాకా ఒక్కడు మేలుకోలే,” అంది ఆమె.

లోకంలో లాజరు చెప్పేది మొదటి నుంచి చివరి దాకా విన్న మనిషి ఒక్కడే ఉండేవాడు. వాడపల్లి దగ్గర, మూసీ వెళ్లి కృష్ణలో కలిసే చోట మంద మేపుకునే బీరయ్య. పాదిరి ఉన్న రోజుల్లో మిర్యాలగూడ చేలల్లో ఎరువుకు మంద పెట్టడానికి వచ్చి, బంగళా అరుగు మీద కర్ర ఆనించుకుని వినేవాడట. గొర్లు మేసినంతసేపూ కాపరికి తొందరేముంటుంది. తరువాత కూడా ఏడాదికోసారి సూర్యాపేట వచ్చి, గొంగడి పరుచుకుని, “ఆ గర్వపాయన ఎట్లున్నడు పంతులూ,” అని అడిగేవాడు. ఆ రోజు లాజరు మొహం చూడాలి. పెళ్లికొడుకు మొహం కూడా అంత వెలగదు.

హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిసిన మరుసటేడు ఎండాకాలంలో ఆ బీరయ్య పోయాడు.

కబురు తెచ్చింది ఆయన కూతురు ఆండాలు. సైదయ్య హోటలు ముందర నిలబడి మాట్లాడింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, చేతిలో తండ్రి కర్ర.

“రేపు మా నాయన దినం పంతులూ. నాయనకు కొడుకులు లేరు. వారసుని నెత్తికి కట్టే రుమాలు మా చిన్నాయన కొడుకు లింగస్వామికి కడతరట. మంద రుమాలు ఎనకనే పోతది. ఏటి ఒడ్డున మేపుకునే హక్కు గూడ గంతే. మా పెనిమిటి ఇల్లరికం వచ్చినోడు, ఆయన మాట ఎవలు ఇనరు. నాకు సొంతం అనేటియి గా గొర్లే. నాయన మంచాన పడ్డ సంది మంద ఎనక తిరిగింది నేనే.”

“మీ పెద్దలేమంటున్నారమ్మా?” అన్నాడు లాజరు.

“ఆడిదానికి రుమాలు ఏడన్న కడతరా అంటున్నరు. నువ్వు మా నాయన దోస్తువు. వచ్చి ఒక్క మాట చెప్పు.”

“ఒక్క మాటేగా, చెబుతాలే,” అన్నాడు లాజరు.

ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాటతో ఆగినవాడు కాదు. ఆమె సంసారం ఈయన నోటి మీద ఆధారపడిందంటే ఇక ఆ మంద ఖతం అనుకున్నాను. ఆపేవాడు ఒకడుండాలని నేనూ బయల్దేరాను.

తెల్లవారి బస్సెక్కే ముందు లాజరు సైదయ్య హోటల్లో కూర్చుని జొన్నరొట్టెలు మొదలుపెట్టాడు. తింటున్నాడు, తింటూనే ఉన్నాడు. చావు దినానికి పోతూ ఈ తిండేమిటో నాకు అర్థం కాలేదు.

“మీరూ తినండి మాస్టారూ. ఇంకో రెండు తినండి.”

“అక్కడ భోజనం పెడతారు కదయ్యా.”

“పెడతారు, పెడతారు. మీరు తినండి.”

దారిలో పటాలం వాళ్లు బస్సు ఆపి ఒక్కొక్కరినీ దింపి సోదా చేశారు. కమ్యూనిస్టుల కోసం పల్లెలన్నీ గాలిస్తున్న రోజులవి. ఒక సిపాయి లాజరు ముందు నిలబడి ఉర్దూలో నీ పేరేమిటి, నీ బాపు పేరేమిటి అని అడిగాడు. వంశం గురించి అడిగితే లాజరు ఊరుకుంటాడా. తన బాపు పేరు చెప్పి, అసలు తండ్రి పేరు కొడుక్కు ఎందుకు పెడతారో తెలియాలంటే వెల్ఫు దొరల సంగతి తెలియాలని, ఉర్దూలోనే ఎత్తుకున్నాడు. సిపాయి మొదట అనుమానంగా చూశాడు. తరువాత బతిమాలినట్టు చూశాడు. చివరికి మా వెనక ఉన్నవాళ్ల మూటలు విప్పనైనా విప్పకుండా, “జావ్, జావ్,” అని బస్సును తోసినంత పని చేశాడు. బస్సులోవాళ్లు లాజరుకు కిటికీ పక్కన చోటిచ్చారు.

మిర్యాలగూడలో దిగి ఎడ్లబండి మీద పల్లె చేరేసరికి అందరూ పందిట్లో కూర్చుని ఉన్నారు. పక్కన గాడిపొయ్యి మీద పెద్ద పెద్ద గుండిగల్లో మాంసం ఉడుకుతున్నది. ఆ వాసన ఏటి అవతలి ఒడ్డుకు కూడా చేరి ఉంటుంది.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు. రుమాలు కట్టేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. రుమాలు కోరుకున్నవాళ్లు పొద్దున్నుంచి ఒట్టి మంచినీళ్లతో ఉండాలి. కట్టేముందు పోయినాయన గురించి ఎవరైనా మంచి మాట చెప్పవచ్చు, చెప్పేవాణ్ని మాత్రం మధ్యలో ఆపకూడదు. ఆపితే పోయినాయన వెనక్కి తిరిగి చూస్తాడట. మామూలుగా ఒకరిద్దరు లేచి, మంచోడు, మాట తప్పనోడు అని కూర్చుంటారు. తాతల నాటి నుంచీ ఆ కట్టుబాటుకు ఏ ఆపదా రాలేదు, ఎందుకంటే అంతవరకు ఆ పల్లెకు లాజరు రాలేదు.

కులపెద్ద గట్టయ్య చేతిలో ఎర్ర రుమాలు. ఒక పక్క లింగస్వామి కూర్చున్నాడు. నేరేడుచర్లలో బియ్యం మిల్లు నీడన కూర్చుని మునీమీ లెక్కలు రాసే మనిషి, నున్నగా ఉన్నాడు. ఇంకో పక్క ఆండాలు, కర్ర పట్టుకుని నిలబడి ఉంది.

“సచ్చినాయన మీద ఎవలన్న మాట చెప్పేది ఉందా?” అన్నాడు గట్టయ్య.

లాజరు లేచాడు. వెనక నుంచి ఎవరో, “గాయన మన కులపోడు గాదు గద,” అన్నారు.

“దోస్తు. చెప్పనీయ్,” అన్నాడు గట్టయ్య.

“బీరయ్య మంచివాడు,” అన్నాడు లాజరు.

అందరూ తలలూపారు. గట్టయ్య రుమాలు పైకెత్తాడు.

“ఎంత మంచివాడంటే, బవేరియా అనే దేశంలో లావు వెల్ఫు అని ఒక దొర ఉండేవాడు,” అన్నాడు లాజరు.

రుమాలు కిందికి దిగింది. నేను కళ్లు మూసుకున్నాను.

“ఆయనకు పిల్లలు లేరు. పోయాడు.”

“మరి మంద?” అన్నది ముందు వరసలో పెంటమ్మ అనే ముసలమ్మ.

“తమ్ముడు నల్ల హెన్రీకి పోయింది.”

లింగస్వామి తొడ మీద చెయ్యి వేసుకుని, “సూసిన్రా, అన్న మంద తమ్ముని ఇంటికే,” అన్నాడు. పందిరంతా అవునవునన్నది. నేను లాజరు అంగీ అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆండాలు సాక్షిని తెచ్చుకుంటే ఆ సాక్షి వచ్చి అవతలి పక్షానికి సాక్ష్యం చెబుతున్నాడు.

లాజరుకు అదేమీ పట్టలేదు. నల్ల హెన్రీ కొడుకు గర్వపు హెన్రీ, గర్వపాయన కొడుకు సింగం హెన్రీ. సింగం గురించి చెప్పాలంటే అతని తల్లి పుట్టిల్లు చెప్పాలి. ఆ పుట్టిల్లు చెప్పాలంటే ఆమె తండ్రి చక్రవర్తి ఎలా అయ్యాడో చెప్పాలి. గట్టయ్య రుమాలు ఎత్తినప్పుడల్లా లాజరుకు ఇంకో మేనమామ దొరికేవాడు. పొద్దు నడినెత్తి దాటి పడమటికి వాలింది. గుండిగల కింద మంట తీసేశారు. పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. మాంసం దగ్గర కాపలా పెట్టిన మనిషికే కాపలా పెట్టవలసి వచ్చింది.

“గర్వపాయనకు ఒక తమ్ముడు, ఆరో వెల్ఫు,” అన్నాడు లాజరు. “ఒక్కడే కొడుకు. ఆ కొడుకు పరదేశంలో జ్వరమొచ్చి పోయాడు.”

“అయ్యో,” అన్నది పెంటమ్మ. ఎంత ఆకలైనా చావు దగ్గర ఆమెకు మనసు ఆగదు.

“ముసలాయనకు అన్న కొడుకు సింగం ఉన్నాడు. అంతా నీకే ఇస్తానురా, బతికినన్నాళ్లు నా ఖర్చు చూడు అన్నాడు ముసలాయన. సింగం సరేనని, ముసలోడు రేపో మాపో పోతాడు కదా అని కాలం గడిపాడు. ముసలాయనకు అక్క కొడుకు ఇంకొకడున్నాడు, ఎర్రగడ్డం ఫ్రెడరిక్కు చక్రవర్తి. అతను వచ్చి చూసుకున్నాడు.”

“ఎవలికి పోయింది మరి?”

“ఎర్రగడ్డానికే. ఆడపిల్ల కడుపున పుట్టినవాడికి.”

“మంచిగయింది,” అన్నది పెంటమ్మ. అంతటితో ఆగక లింగస్వామి వైపు తిరిగింది. “నువ్వు మీ పెదనాయన మంచాల ఉన్నప్పుడు ఒక్కనాడన్న వచ్చినవా బిడ్డా?”

లింగస్వామి గుండిగల వైపు చూశాడు. నున్నటి మొహం ఎండిన వంకాయలా అయింది. లాజరు అప్పటికి ఆస్ట్రియా చేరాడు. అక్కడ ఇంకో హెన్రీ ఉన్నాడట, ప్రతి మాటకూ దేవుడి తోడు అంటాడట, అందుకే దేవుడితోడు హెన్రీ. ఆయన పాత గద్దె వదులుకుంటే, బదులుగా ఎర్రగడ్డం చక్రవర్తి ఒక మాట రాసిచ్చాడట: ఆస్ట్రియా గద్దె కొడుకుంటే కొడుక్కు, లేకుంటే కూతురికి.

“కూతురికా?” అన్నాడు గట్టయ్య.

“కూతురికే. చక్రవర్తి మొహరు వేసి మరీ ఇచ్చాడు. ఆ చక్రవర్తి గురించి రెండు మాటలు చెప్పాలంటే, అతని తాత—”

“వద్దు,” అని లింగస్వామి లేచి నిలబడ్డాడు. “పెద్దయ్యా, నాకు గీ రుమాలు వద్దు. ఆమెకే కట్టుండ్రి. మంద వద్దు, ఏరు వద్దు. నాకింత బువ్వ పెట్టుండ్రి.”

పందిరంతా ఊపిరి పీల్చుకున్నది. గట్టయ్య ఆండాలు వైపు చూశాడు. మొదట ఎక్కడ నిలబడిందో అక్కడే ఉంది, కర్ర మీద చేతులానించి.

“నీకు ఆకలైతలేదా బిడ్డా?”

“ఇంక మంద ఇంటికి మలిపే యాళ్ల గాలేదు గద పెద్దయ్యా,” అన్నది ఆండాలు.

గట్టయ్య పెద్దగా నవ్వాడు. “కాపరి ఎవలో తెలుస్తనే ఉంది. ఇగ రా, వంగు.”

“ఆడిదానికి రుమాలా?” అని వెనక నుంచి ఒక గొంతు నీరసంగా లేచింది.

“జర్మనీల లేని తప్పు గీడ ఎట్లయితది? నువ్వు గిట్ల అడ్డం మాట్లాడితే పంతులు మళ్ల మొదటి సంది చెప్తడు,” అన్నాడు గట్టయ్య. ఆ గొంతు మరి వినిపించలేదు.

సరిగ్గా అప్పుడు లాజరు గొంతు సవరించుకున్నాడు.

“అయితే ఇందులో ఒక చిక్కుంది. తొంభై ఏళ్ల తరువాత అదే ఇంట్లో జగడాల ఫ్రెడరిక్కు అనేవాడు—”

ఆ తరువాతిది నాకు కంఠతా వచ్చు. ఆ జగడాలవాడు కొడుకుల్లేకుండా పోతాడు. అతని అక్క, అన్నకూతురు హక్కు మాదంటే మాదంటారు. ఆ ఆడవాళ్లను పెళ్లాడి ఊరూరి మొగవాళ్లు గద్దె కోసం తన్నుకుంటారు. రాసిచ్చిన మాట ఎటో పోతుంది. ఆ ముక్క గనక బయటపడితే రుమాలు మళ్లీ కిందికి దిగుతుంది. నేను అంగీ పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. లాజరు పీట మీద చతికిలబడ్డాడు. ఆండాలు తలకు రుమాలు బిగిసింది. అన్నాల మీద పడ్డ జనంలో అందరికంటే ముందున్నది లింగస్వామి. అతని ఆకులో మొదటి ముక్క వేసింది ఆండాలే.

తిరుగు బండిలో నేను అడిగాను. “కూతురికి గద్దె ఇచ్చారన్న ముక్క మొదటే చెప్పొచ్చుగా. లావు దొర నుంచి ఎందుకయ్యా?”

“మొదటే చెబితే వాదన పెట్టుకుంటారు మాస్టారూ. కడుపు నిండినవాడు ఎంతసేపైనా వాదిస్తాడు. లింగస్వామి మిల్లు నీడన ఉండే మనిషి. ఆ పిల్ల పొద్దుగూకేదాకా తినకుండా మంద వెంట తిరిగే పిల్ల. నేను చేసిందల్లా కాస్త ఆలస్యం.”

అప్పుడు నాకు జొన్నరొట్టెలు గుర్తొచ్చాయి.

“మరి హోటల్లో ఆ గోడ అన్నదమ్ములు?”

“తీర్పు చెబితే ఒకడు గెలుస్తాడు, ఒకడు పగబడతాడు. జర్మనీ గురించి చెబితే ఇద్దరూ కలిసి నన్ను తిట్టుకుంటారు. తిట్టుకుంటూ కలిసి ఇంటికి పోతారు. నాకు పోయేదేముంది.”

“మరి ఆఖర్న ఆ జగడాలవాణ్ని ఎందుకు ఎత్తావు? నేను లాగకపోతే కొంప మునిగేది.”

లాజరు మొహం ఏటి వైపు తిప్పుకున్నాడు. “అది ఆపుకోలేకపోయాను మాస్టారూ,” అన్నాడు సిగ్గుపడుతూ. ఆ మాటకు నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

అయినా బండి మిర్యాలగూడ చేరేదాకా ఆయన మళ్లీ ఏ దొర పేరూ ఎత్తలేదు. బీరయ్య పోయాడన్నది అప్పటికి ఆయనకు నిజంగా తెలిసినట్టుంది. ఇక ఎవరు వింటారు.

దసరా ముందు ఒకనాడు మేమిద్దరం సైదయ్య హోటల్లో ఉండగా ఆండాలు వచ్చింది. సంతలో పొట్టేళ్లు అమ్మి వస్తున్నదట. తల మీద ఎర్ర రుమాలు, భుజాన గొంగడి. లాజరును చూసి గొంగడి కింద పరుచుకుని, కర్ర పక్కన పెట్టి, తీరిగ్గా కూర్చుంది. సైదయ్య అలవాటుగా బల్లలు లెక్క చూసుకున్నాడు.

“పంతులూ, ఆనాడు నువ్వు ఏదో చెప్పబోతుంటే గీ సారు నీ అంగీ వట్టి గుంజిండు,” అంది నా వైపు ఒక చూపు విసిరి. “గా జగడాలాయన ముచ్చట. తర్వాత ఏమైంది?”

లాజరు నోరు తెరిచాడు. మాట రాలేదు. నా ఎరుకలో అది మొదటిసారి. కళ్లజోడు తీసి అంగీతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, “అది చాలా పెద్దదమ్మా. నీకు ఆలస్యమవుతుందేమో,” అన్నాడు.

“ఏం గాదు, చెప్పు,” అంది ఆండాలు. “నేను తినే వచ్చిన.”